చెయ్యి తగిలిన జాడ

మా ఆసుపత్రిలో నా అసలు పేరు జీతాల విభాగానికి తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ నేను పెట్టె మేడం. పెట్టె అంటే ఇనప్పెట్టె అనుకునేరు, కళ్ళజోడు డబ్బా కన్నా చిన్నది. లాప్‌టాప్‌కి తగిలిస్తే ఏ ప్రాణి డీఎన్ఏనైనా మొదటినుంచి చివరిదాకా అక్షరం అక్షరం చదివేస్తుంది. ఇదివరకు ఈ పని చెయ్యాలంటే గది నిండా యంత్రాలున్న పెద్ద ల్యాబుకి నమూనా పంపాలి. అక్కణ్ణుంచి జవాబు వచ్చేలోగా రోగి ఇంటికైనా పోయేవాడు, పైకైనా పోయేవాడు. ఇప్పుడు దాన్ని జేబులో వేసుకుని వార్డులోకే వెళ్ళవచ్చు. నేను వెళ్ళను. మందుల స్టోరు పక్కన, కిటికీ లేని గది ఒకటి నాకిచ్చారు. అంతకుముందు అందులో విరిగిన మంచాలు పెట్టుకునేవాళ్ళు. ఒక మంచం ఇంకా ఉంది. దాన్ని ఎవరు తీసుకెళ్ళాలన్నది రెండు విభాగాల మధ్య తెగడం లేదు.

ఆ గదిలో నోరున్నది ఫ్రీజరొక్కటే. రోజంతా గొణుగుతూ ఉంటుంది. పొద్దున గ్లౌజులు తొడిగితే సాయంత్రం దాకా జత తర్వాత జత మారుస్తాను గాని నా చేతులు గాలి మొహం చూడవు. ఇంటికెళితే ఇంట్లో ఎవరూ లేరు. ఆదివారాలు మా అన్నయ్య ఫోన్ చేసి "తిన్నావా?" అంటాడు, "తిన్నాను" అంటాను, "సరే మరి" అంటాడు. బస్సులో టికెట్టు ఇస్తున్నప్పుడు కండక్టరు వేలు తగిలితే ఆ రోజుకి నన్ను ముట్టుకున్న మనిషి ఆయనే. జాలి పడమని చెప్పడం లేదు. ఉన్న సంగతి చెబుతున్నాను.

ఎముకల విభాగంలో మొండి బాక్టీరియా ఒకటి చేరింది. మామూలు మందులకి లొంగని రకం. ఒంటిమీద ఊరికే ఉన్నంతకాలం ఏమీ చెయ్యదు. ఆపరేషన్ గాయంలోకి దూరిందంటే మాత్రం ప్రాణం మీదికి తెస్తుంది. మగవాళ్ళ వార్డులో ఒకరి తర్వాత ఒకరికి గాయాలు చీము పట్టేసరికి సూపర్నెంటుగారు స్వయంగా నా గదికి దిగివచ్చి, కూర్చోవడానికి కుర్చీ లేక ఆ విరిగిన మంచం మీదే కూర్చున్నారు.

"ఎవరినుంచి ఎవరికి పోయిందో తేల్చమ్మా. లేకపోతే వార్డు మూసుకోవాల్సిందే."

తేల్చడం ఏమంత బ్రహ్మవిద్య కాదు. బాక్టీరియా తనని తాను నకలు రాసుకుంటూ పెరుగుతుంది. లక్షల అక్షరాలు రాసేటప్పుడు ఎక్కడో ఒక తప్పు పడుతుంది. ఒకడి కాగితంలో తప్పు పడితే వాణ్ణి చూసి రాసినవాడి కాగితంలోనూ అదే తప్పు ఉంటుంది. పరీక్ష పేపర్లు దిద్దే మాస్టార్లందరికీ ఈ విద్య తెలుసు. నేను చేసేదీ అదే. ఎవరి దగ్గర కాపీ కొట్టారో పట్టుకుంటాను.

ఆ విభాగంలో ఉన్న రోగులందరి చేతులనుంచీ, ముక్కులనుంచీ నమూనాలు తీయించాను. మగవాళ్ళ సంగతి తొందరగానే తేలింది. రక్తపోటు చూసే పట్టీ ఒకటే మంచం మంచానికీ తిరుగుతోంది, దానితోపాటు ఇదీ తిరిగింది. సిస్టర్లు నాలిక కరుచుకుని కొత్త పట్టీలు తెప్పించారు. అంతటితో అయిపోతే ఈ కథ లేదు. వరండా చివర, విడిగా ఉన్న గదిలో మంచం మీదినుంచి కదలలేని ఒక పెద్దావిడ చేతిమీద కూడా అదే బాక్టీరియా కనిపించింది.

ఆవిడని అందరూ హలో అమ్మమ్మ అంటారు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరు. పెళ్ళి చేసుకోలేదు. ఉన్న ఒక్క చెల్లెలూ వేరే ఊళ్ళో మంచం పట్టింది. స్నానాల గదిలో జారి తుంటి విరిగి వచ్చింది. గుండె కాస్త కుదుటపడితే ఆపరేషన్ చేద్దామని డాక్టర్లు ఎదురుచూస్తున్నారు. ఆవిడ గది వేరు, రక్తపోటు పట్టీ వేరు, తుడిచే గుడ్డ కూడా వేరు. చూడటానికి వచ్చేవాళ్ళు లేరు. మరి ఇది నడిచొచ్చిందా?

పెట్టె జవాబు చెప్పింది. అమ్మమ్మ చేతిమీది బాక్టీరియాలో ఒక తప్పు ఉంది. అది వార్డులో ఇంకొక్కరి దగ్గరే ఉంది. కిటికీ పక్క మంచం, లారీ బాబాయి. కాలు విరిగి చేరిన లారీ డ్రైవరు, గాయం దాదాపు మానిపోయింది, వాకరు పట్టుకుని నడుస్తున్నాడు. వీళ్ళిద్దరికీ మధ్య ఇంకెవరూ లేరు, అతని చేతినుంచి నేరుగా ఆవిడ చేతికి.

నాకు ముందు అనుమానం వచ్చింది నామీదే. పెట్టెలో ఫ్లో సెల్ అని ఒక పలక ఉంటుంది. డీఎన్ఏ పోగులు దూరి వెళ్ళే సన్నటి రంధ్రాలుండేది దానిమీదే. ప్రతిసారీ కొత్త పలక వాడే స్థోమత మాకు లేదు. వాడినదాన్ని కడిగి మళ్ళీ వాడతాం. ఎంత కడిగినా పాత నమూనా తాలూకు పోగులు కొన్ని మిగిలిపోతాయి. అందుకే ఒక్కో నమూనాకి ఒక్కో గుర్తు అతికిస్తాం, మిగులు ఏదో, కొత్తది ఏదో తెలియడానికి. నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే, ముందు రోజు లారీ బాబాయి నమూనాకి పెట్టిన గుర్తునే మర్నాడు అమ్మమ్మ నమూనాకీ పెట్టాను. పైగా అమ్మమ్మది పలుచగా వచ్చింది. అంటే నేను అమ్మమ్మది అనుకుని చదివింది కడిగిన పలకలో మిగిలిన లారీ బాబాయిదే కావచ్చు.

ఈ మాట చెప్పేసరికి పెద్ద సిస్టర్‌కి ప్రాణం లేచొచ్చింది. ఎముకల విభాగానికి ఆవిడే పెద్ద. ఆవిడ నడిచొస్తుంటే మంచాలు కూడా సర్దుకుంటాయని జోకు.

"చూశావా? అంతా నీ గిన్నెలు కడుక్కోవడం చేతకాకే. నా వార్డులో మగ రోగి ఆడవాళ్ళ గదికి పోవడమేంటి? మిగులు అని రాసెయ్, గొడవొదిలిపోతుంది."

"మిగులైతే మిగులనే రాస్తాను సిస్టర్. ముందు మళ్ళీ చదవనివ్వండి. కొత్త పలక తీస్తాను."

"నీకు వేరే పని లేదు," అని ఆవిడ వెళ్ళిపోయింది. నిజానికి లేదు కూడా.

మామూలుగా నమూనాలు సిస్టర్లే తీసి పంపుతారు. ఈసారి పొరపాటు నాది గనుక నేనే వెళ్ళాను. మధ్యాహ్నం భోజనాల వేళ. వరండా పొడుగునా గోడకి పట్టుకునే కమ్మీ ఉంది, నేల ఫినాయిలు వాసన వేస్తోంది. చివరి తలుపు తీశాను.

"హలో, ఎవరు మాట్లాడేది?" అంది పెద్దావిడ తల తిప్పకుండానే.

"కింద ల్యాబునుంచి అమ్మమ్మా. చేతి నమూనా తీసుకోవాలి."

"మొన్న తీశారుగా?"

"తీశారు. నేను పొరపాటు చేశాను. మళ్ళీ కావాలి."

"పొరపాటు చేశానని చెప్పేవాళ్ళు కూడా ఈ బిల్డింగులో ఉన్నారన్నమాట. కూర్చో." మంచం పక్కన ఉన్న కుర్చీని కళ్ళతో చూపించింది. కుర్చీ మంచానికి బాగా దగ్గరగా, మోకాళ్ళు తగిలేంత దగ్గరగా ఉంది. ఎవరో దాన్ని అక్కడికి లాక్కుని కూర్చుంటున్నారని అప్పుడే అర్థమైంది.

"ఇంతకీ ఏం చేస్తుంది నీ పెట్టె?"

చెప్పాను. కాపీ కొట్టే పిల్లల సంగతితో సహా చెప్పాను. శ్రద్ధగా విని, "అంటే నా చేతిమీద ఎవరి చెయ్యి పడిందో చెప్పేస్తుందా?" అంది.

"ఇంచుమించు."

ఆవిడ చెయ్యి మెల్లగా దుప్పటి కిందికి వెళ్ళిపోయింది. కాసేపు గోడ గడియారం వైపు చూసింది.

"ఆయన్ని వరండా చివరిదాకా నడవమని డాక్టరే చెప్పాడమ్మా. చివరంటే నా గదే. మొదటి రోజు ఆయాసం వచ్చి కూలబడ్డాడు. నేనేమో మంచినీళ్ళు ఇద్దామని చెయ్యి చాపితే గ్లాసు బదులు నా చెయ్యి పట్టుకున్నాడు. వదలడం మర్చిపోయాడు. నేనూ గుర్తు చెయ్యలేదు. అప్పట్నుంచీ మూడింటికి వస్తాడు."

"ఏం మాట్లాడుకుంటారు?"

"మాటలా?" ఆవిడ నవ్వింది. "ఆయన జీవితమంతా ఒక్కడే రోడ్డు మీద. నేను జీవితమంతా గొంతులతో. ఎంతమంది గొంతులు విన్నానో చెప్పలేను. ఏడ్చినవాళ్ళు, పెళ్ళి కుదిరినవాళ్ళు, తిట్టినవాళ్ళు. అందర్నీ కలిపి నేను లైనులోంచి తప్పుకునేదాన్ని. చెయ్యి మాత్రం ఎవరిదీ పట్టుకోలేదు. ఎలా ఉంటుందో ఈ వయసులో తెలిసింది. రాయకమ్మా. నీకు పుణ్యముంటుంది."

"అమ్మమ్మా, ఇది మీ చేతిమీద ఉండగా ఆపరేషన్ చేస్తే గాయంలోకి పోతుంది. మందులు పనిచెయ్యవు."

"పోతే పోతాను. బాగు చేసి నన్నెక్కడికి పంపుతారు? మళ్ళీ ఆ గోడల మధ్యకేగా."

నేను దూదిపుల్ల కవరు చించాను. ఆవిడే చివరికి చెయ్యి బయటికి తీసి నా ముందు పెట్టింది. గ్లౌజు చేత్తో పట్టుకుని, వేళ్ళ మధ్య పుల్ల తిప్పి నమూనా తీసుకున్నాను.

"లైనులో విన్నది బయటికి చెప్పకపోవడం మా ఉద్యోగం. మీ ఉద్యోగం ఇంకోలా ఉన్నట్టుంది," అంది.

కొత్త పలక తీసి, కొత్త గుర్తులు పెట్టి, మళ్ళీ చదివించాను. రంధ్రాల్లోంచి పోగులు దూరుతుంటే తెరమీద పచ్చటి చుక్కలు వెలుగుతాయి. మిగులే అయితే బాగుండునని ఆ చుక్కలు చూస్తూ ఎన్నిసార్లు అనుకున్నానో. పొరపాటు నాదని తేలితే బతికిపోతాను అనుకోవడం నా ఉద్యోగంలో అదే మొదటిసారి. మిగులు కాదు. అదే తప్పు, అదే చోట, ఈసారి సందేహానికి తావు లేకుండా వచ్చింది.

మిగులు అని రాసినా అడిగేవాళ్ళు లేరు. పెద్ద సిస్టర్ సంతోషించేది. అమ్మమ్మ కుర్చీ ఉన్నచోటే ఉండేది. తర్వాత ఆవిడ తుంటి కోసి లోహపు ముక్క పెట్టి కుట్లు వేసేవాళ్ళు, ఆ కుట్ల కింద ఇది కాపురం పెట్టేది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఒంటరి మనిషికి దొరక్క దొరక్క ఒక చెయ్యి దొరికితే అందులో ఇది కూడా ఉండాలా? తిట్టుకుంటూనే రిపోర్టు రాసి పైకి పంపాను. లారీ డ్రైవరు చేతినుంచి చివరి గదిలో రోగి చేతికి, నేరుగా.

తర్వాత అంతా చకచకా జరిగిపోయింది. లారీ బాబాయిని స్నానానికి మందు సబ్బు ఇచ్చి ఒక రోజు ముందే ఇంటికి పంపేశారు, ఏదో దూరపు ఊరు. చివరి గది తలుపుకి లోపలికి రాకూడదని బోర్డు తగిలించారు. గ్లౌజులు, గౌను లేకుండా ఎవరూ ఆవిడ దగ్గరికి పోకూడదు. రోజూ మందు సబ్బుతో ఒళ్ళు తుడిచారు, ముక్కుకి మందు రాశారు. కుర్చీ తీసేశారు. వెళ్ళేముందు అతను బోర్డు దాకా వచ్చి నిలబడ్డాడనీ, వాకరు రెండుసార్లు నేలకి తాటించి వెళ్ళిపోయాడనీ తర్వాత విన్నాను. ఫోన్ నంబరు ఇచ్చిపుచ్చుకోవాలన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు. ఒకరు టెలిఫోన్ ఆపరేటరయ్యుండి!

ఆవిడ శుభ్రపడింది. ఆపరేషన్ జరిగింది, గాయం ఏ గొడవా లేకుండా మానుతోంది. సూపర్నెంటుగారు నన్ను మెచ్చుకుంటూ నాలుగు వాక్యాలు రాసి పంపారు. అవి చదివి లాప్‌టాప్ మూసేసి, ఆ విరిగిన మంచం మీద చాలాసేపు కూర్చున్నాను. నేను రాసింది నిజం. ఆవిడ బతికింది. అయినా దొంగతనం చేసినట్టుంది.

చివరగా ఒక పని మిగిలింది. విభాగంలో పనిచేసేవాళ్ళ చేతులు కూడా చూడాలి. ఇలాంటప్పుడు ఏమీ లేని నమూనా కూడా ఒకటి పెట్టుకోవాలి, పెట్టె లేనిది ఉన్నట్టు చెప్పడం లేదని రుజువుకి. ఆ స్థానంలో ఎప్పుడూ నా చెయ్యే పెడతాను. అందులో ఎప్పుడూ ఏమీ రాదు. ఆ రోజూ రాలేదు. మిగతా అందరివీ బాగానే ఉన్నాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కదాంట్లో లారీ బాబాయి దగ్గర పడిన తప్పు ఉంది. దానికి తోడు, అమ్మమ్మ దగ్గర రెండోసారి తీసిన నమూనాలో మాత్రమే కనిపించిన ఇంకో కొత్త తప్పు కూడా ఉంది. అంటే లారీ బాబాయినుంచి కాదు, అమ్మమ్మనుంచే వచ్చింది. గ్లౌజు లేని చేతికి వచ్చింది. గుర్తు చూశాను. పెద్ద సిస్టర్.

ఫోన్ చేసి కిందికి రమ్మన్నాను. తలుపు వేశాక అంతా చెప్పాను, నా చేతిలో ఏమీ రాలేదన్నదానితో సహా. కయ్యిమంటుందనుకున్నాను. ఆవిడ మంచం అంచున కూర్చుని తన అరచేతులు చూసుకుంది.

"మూడయ్యేసరికి తలుపు వైపు చూసేది," అంది. "బోర్డు తగిలించింది నేనే కదా. ఒక రోజు కళ్ళనీళ్ళు కారుతున్నా తుడుచుకోకుండా చూస్తోంది. రబ్బరు చేత్తో మనిషి కళ్ళు ఎలా తుడుస్తామే? తీసేశాను. అప్పట్నుంచీ రోజూ తీసేస్తున్నాను. కడుక్కునే బయటికొచ్చాను, ఒట్టు."

"నాకు తెలుసు సిస్టర్. ఇంకెవరికీ పోలేదు."

"డ్రైవరు నంబరు కనుక్కుని ఫోన్ కలపనా అని అడిగాను కూడా. వద్దంది. గొంతులు చాలు అంది." ఆవిడ లేచింది. "సరే, సబ్బులూ మందులూ ఇప్పుడు నాకు. శుభ్రపడేదాకా రోగుల దగ్గరికి పోకూడదు, అంతేగా? సూపర్నెంటుకి నేనే చెబుతాను." తలుపు దాకా వెళ్ళి ఆగింది. "నీ చేతిలో ఏమీ లేదన్నావు?"

"లేదు."

"ఆవిడకిప్పుడు కావాల్సింది అలాంటి చెయ్యే. మూడింటికి వెళ్ళు."

ఇంత పెద్ద ఆసుపత్రిలో అన్నిటికన్నా శుభ్రమైన చెయ్యి నాదే. అందులో నా గొప్పేమీ లేదు. ఎవరూ పట్టుకోని చెయ్యి శుభ్రంగా ఉండక ఏమవుతుంది?

బోర్డు తీసేసి ఉంది. గది బయట కుళాయి దగ్గర మోచేతులదాకా సబ్బు పట్టించి కడుక్కుని, ఆరేదాకా నిలబడి, కుర్చీ ఒకటి వెతుక్కుని లోపలికి తీసుకెళ్ళాను.

"హలో, ఎవరు మాట్లాడేది?"

"నేనే అమ్మమ్మా. పెట్టె అమ్మాయిని."

ఆవిడ మొహం అటు తిప్పుకుంది. రెండు చేతులూ దుప్పటి కిందే ఉన్నాయి. కుర్చీ దగ్గరగా వేసుకుని కూర్చున్నాను. మామూలుగా నేను నమూనాలతోనే మాట్లాడతాను, అవి తిరిగి అడగవు. వరండాలో ఎవరో వాకరుతో నడుస్తున్నారు, ఆ చప్పుడు తలుపు దాకా వచ్చి వెనక్కి తిరిగిపోయింది. ఆవిడా విన్నది.

"ఒకటి అడుగుతాను, నిజం చెబుతావా? నువ్వు నిజమే చెబుతావులే." గోడ వైపు తిరిగే అడిగింది. "నా చేతిమీద ఆయనది ఇంకేమన్నా మిగిలిందా?"

"లేదమ్మమ్మా. అంతా పోయింది."

"కొంచెం కూడా?"

"కొంచెం కూడా లేదు."

దుప్పటి కింద ఆవిడ చేతులు కదలడం కనిపించింది, ఒకదాన్నొకటి తడుముకుంటున్నట్టు.

"మా గదిలో ఉంది," అన్నాను. "ఫ్రీజరులో. ఆయన దగ్గర తీసిందీ, మీ దగ్గర తీసిందీ చిన్న గొట్టాల్లో వేసి దాచాను. పక్కపక్కనే ఉన్నాయి."

ఆవిడ తల నావైపు తిప్పింది. "ఎన్నాళ్ళుంటాయి?"

"కరెంటు ఉన్నన్నాళ్ళూ ఉంటాయి. పారెయ్యకూడదని నియమం."

"చలి వెయ్యదూ వాటికి?"

"బాగా వేస్తుంది. అందుకే పాడవవు."

అప్పుడు దుప్పటి కిందినుంచి ఆవిడ చెయ్యి బయటికి వచ్చింది. నా ముందు, మంచం అంచున, అరచెయ్యి పైకి పెట్టి ఉంచింది. ఎలా పట్టుకోవాలో తెలియక నా చేతిని దానిమీద ఊరికే పెట్టాను. వెచ్చగా ఉంది. వేళ్ళు మూసుకున్నాయి.

"వదలమని నేను చెప్పను," అంది కళ్ళు మూసుకుని. "నీకు పనుంటే నువ్వే చెప్పు."

"నాకేం పని లేదమ్మమ్మా," అన్నాను.